ఎండలో ఆట – సన్‌స్క్రీన్ కథ

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే కానక్కర్లేదు, రోజూ చేత్తో పట్టుకునే వస్తువుకి కూడా చరిత్ర ఉంటుందని మా సోషల్ మాస్టారు ఎప్పుడూ చెబుతుంటారు. ఈ సంచికకి వ్యాసం రాయమన్నప్పుడు మా క్లాసులో ఒకరు బరంపురం పట్టు తీసుకున్నారు, ఒకరు రైలు తీసుకున్నారు. నేను సన్‌స్క్రీన్ తీసుకున్నాను. విని కొందరు నవ్వారు. కానీ నాకు ఒక కారణం ఉంది, అది ముందే చెప్పేస్తాను.

నేను మా బడి ఖోఖో జట్టులో ఆడతాను. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు జట్టులో పన్నెండు మంది అమ్మాయిలం. తొమ్మిదికి వచ్చేసరికి ఎనిమిది మందిమి మిగిలాం. మానేసిన నలుగురిలో ఒకమ్మాయికి మోకాలి నొప్పి. మిగతా ముగ్గురూ చెప్పింది ఒకటే మాట: "నల్లబడిపోతున్నానని ఇంట్లో వద్దన్నారు." అందులో ఒకమ్మాయి మా అందరికంటే వేగంగా పరిగెత్తేది. తర్వాత తల్లిదండ్రుల సమావేశంలో మా పీటీ టీచరుగారు "ఆటల డబ్బుతో పిల్లలకి సన్‌స్క్రీన్ కొందామా?" అని అడిగారు. అప్పుడు చాలా ప్రశ్నలు వచ్చాయి. అది మందా, సోకు సామానా? మనలాంటి రంగువాళ్లకి అవసరమా? ఏది కొనాలి? ఖర్చు ఎంత? ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఆ జవాబుల కోసమే నేను ఇదంతా చదివాను.

పూర్వం ఏం చేసేవారు?

ఎండ కొత్తది కాదు కదా. సన్‌స్క్రీన్ రాకముందు కూడా మనుషులు పొలంలో, సముద్రం మీద, రోడ్డు మీద పనిచేశారు. బర్మాలో తనఖా అనే చెట్టు బెరడుని రాతి మీద అరగదీసి, ఆ గంధాన్ని బుగ్గలకి పూసుకుంటారు. ఇప్పటికీ ఆడవాళ్లూ పిల్లలూ పూసుకుంటూనే ఉన్నారు. ఆగ్నేయాసియా సముద్రాల్లో తిరిగే సామా-బజావు ఆడవాళ్లు బియ్యం, సుగంధ దినుసులు కలిపి నూరిన బురాక్ అనే ముద్దని ముఖానికి రాసుకుంటారు.

మన వైపు వాడుక ఎక్కువగా గుడ్డే. మగవాళ్లకి తలపాగా, ఒడియా వాళ్ల గాముచ్ఛా, ఆడవాళ్లకి తల మీద కొంగు. మా అమ్మమ్మ ఊడ్పులకి వెళ్లేటప్పుడు తాతయ్య పాత పొడుగుచేతుల చొక్కా చీర మీదే తొడుక్కునేదట. తాటాకు గొడుగుని మన పెద్దలు గిడుగు అనేవారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారి ఇంటిపేరు కూడా ఆ మాటే. అంటే నీడని వెంట తీసుకెళ్లడం మన పాత పద్ధతి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత లెక్క దగ్గర పనికొస్తుంది.

కనపడని వెలుగు

చాలా కాలం వరకూ జనం అనుకున్నది ఏమిటంటే, ఎండ వేడి వల్లే చర్మం కాలుతుందని. అది తప్పని తేలడానికి వందేళ్ల దగ్గర పట్టింది.

1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు రంగుకి అవతల కంటికి కనపడని వేడి కిరణాలు ఉన్నాయని కనిపెట్టాడు. ఆ మరుసటి ఏడే, 1801లో, జర్మనీలో యోహాన్ రిట్టర్ "ఎరుపుకి అవతల ఉంటే ఊదాకి అవతల ఏముంది?" అని చూశాడు. వెలుగు తగిలితే నల్లబడే సిల్వర్ క్లోరైడుని అక్కడ పెట్టాడు. కంటికి ఏమీ కనపడని ఆ చోట అది ఇంకా త్వరగా నల్లబడింది. వాటినే ఇప్పుడు మనం అతినీలలోహిత కిరణాలు అంటున్నాం.

తర్వాత 1820లో ఎవరార్డ్ హోమ్ అనే ఇంగ్లీషు వైద్యుడు చేసిన ప్రయోగం నాకు చాలా నచ్చింది. తన చేతుల్ని ఎండలో పెట్టి, ఒకదాని మీద నల్లగుడ్డ కప్పాడు. నల్లగుడ్డ కింద వేడి ఎక్కువైంది కానీ చర్మం కాలలేదు. గుడ్డ లేని చెయ్యి కందిపోయి పొక్కింది. అంటే కాల్చేది వేడి కాదన్నమాట. చర్మంలోని నలుపు కూడా ఆ గుడ్డలాగే ఎండనుంచి కాపాడుతుందని ఆయన రాశాడు. రెండు వందల ఏళ్ల కిందటే ఒక డాక్టరు నలుపు ఒక రక్షణ అని చెప్పాడు! ఆ నలుపు పదార్థాన్నే మన సైన్సు పుస్తకంలో మెలనిన్ అని చదువుతున్నాం.

1889లో స్వీడన్‌కి చెందిన విడ్‌మార్క్ అనే కంటి వైద్యుడు చర్మాన్ని కాల్చేది అతినీలలోహిత కిరణాలేనని ప్రయోగంతో చూపించాడు. 1922లో హౌసర్, వాలే అనే ఇద్దరు జర్మన్లు అందులోనూ ముఖ్యంగా ఏ భాగం కాలుస్తుందో కొలిచారు. ఆ భాగాన్ని ఇప్పుడు యూవీ-బీ అంటారు. దాని పక్కనుండే యూవీ-ఏ అంత త్వరగా కాల్చదు కానీ చర్మంలో ఇంకా లోతుకి వెళ్తుంది. నల్లమచ్చలు, ముడతలు దానివల్ల ఎక్కువ. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఈ రెండు పేర్లూ తెలిసి ఉండాలి.

సీసాలోకి ఎలా వచ్చింది?

అమెరికాలో మొదటి సన్‌స్క్రీన్ 1928లో అమ్మకానికి వచ్చింది. 1932లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మిల్టన్ బ్లేక్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక క్రీము తయారుచేశాడు. 1936లో ఫ్రాన్స్‌లో లోరియల్ కంపెనీ పెట్టిన యూజీన్ షుల్లర్ ఆంబ్ర్ సొలేర్ అనే నూనె తెచ్చాడు. 1936 అనగానే మన గంజాం వాళ్లకి వేరే సంగతి గుర్తొస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్ 1నే ఒడిషా వేరే రాష్ట్రమైంది, బరంపురం మద్రాసు నుంచి విడిపోయి ఇందులో కలిసింది. మన పెద్దలు ఇక్కడ తెలుగు బడుల సంగతి ఆలోచిస్తుండగా అక్కడ ఫ్రాన్స్‌లో కార్మికులకి మొదటిసారి జీతంతో సెలవులు వచ్చాయి, వాళ్లు సముద్రపు ఒడ్డుకి పరిగెత్తారు. 

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రంలో పోరాడే అమెరికా సైనికులకి ఎర్రటి పెట్రోలియం జిగురు ఇచ్చేవారు. ఫ్లోరిడాలో బెంజమిన్ గ్రీన్ అనే మందుల షాపాయన 1944లో దాన్ని మెత్తగా, పూసుకోడానికి వీలుగా మార్చాడు. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ గ్రైటర్ అనే కెమిస్ట్రీ విద్యార్థి 1938లో పిజ్ బుయిన్ అనే మంచుకొండ ఎక్కుతూ బాగా కాలిపోయాడని, అందుకే 1946లో హిమానీనదం క్రీము అనే పేరుతో ఒకటి తయారుచేశాడని చెబుతారు. చూశారా, అక్కడ ఉన్నది మంచు, చలి. అయినా ఎండ కాల్చింది. ఎవరార్డ్ హోమ్ చెప్పింది అక్కడ మళ్లీ రుజువైంది.

నంబరు కథ

ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 15, 30, 50 అని ఉంటుంది. ఆ లెక్కకి పునాది 1934లో ఫ్రీడ్రిక్ ఎల్లింగర్ వేశాడు, 1956లో రుడాల్ఫ్ షుల్జ్ దాన్ని బాగుచేశాడు, 1974లో గ్రైటర్ ఎస్‌పీఎఫ్ అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. 1978లో అమెరికా ప్రభుత్వం కూడా ఆ పద్ధతి తీసుకుంది.

లెక్క సులువు. ఎస్‌పీఎఫ్ 30 అంటే, సరిగ్గా పూసుకుంటే కాల్చే కిరణాల్లో ముప్ఫయ్యోవంతు మాత్రమే చర్మానికి చేరుతుంది. 15 అయితే 100కి దాదాపు 7 చేరతాయి. 30 అయితే 3. 50 అయితే 2. అంటే 15 నుంచి 30కి తేడా బాగానే ఉంది, 30 నుంచి 50కి తేడా ఒకటే. ఈ మాట కొనేవాళ్లు గమనించాలి. ఎందుకంటే నంబరు పెరిగితే ధర కూడా పెరుగుతుంది. ఇంకో సంగతి, ఈ నంబరు యూవీ-బీకి మాత్రమే. యూవీ-ఏ కోసం 1996లో జపాన్ వాళ్లు పీఏ అని రాసి పక్కన ప్లస్ గుర్తులు పెట్టే పద్ధతి తెచ్చారు. ప్లస్‌లు ఎన్ని ఉంటే అంత రక్షణ. మన షాపుల్లో దొరికే ట్యూబుల మీద కూడా ఇది కనిపిస్తుంది.

ఆటగాళ్ల ముక్కు మీద తెలుపు

పాత క్రికెట్ వీడియోలు చూస్తే బౌలర్ల ముక్కు మీద, బుగ్గల మీద సున్నం పూసినట్టు ఉంటుంది. దక్షిణాఫ్రికా అలన్ డొనాల్డ్‌కి బుగ్గల మీద, ఆస్ట్రేలియా ఆండ్రూ సైమండ్స్‌కి పెదవుల మీద. అది సున్నం కాదు, జింక్ ఆక్సైడ్. సన్‌స్క్రీన్ దినుసుల్లో పాతది, నమ్మకమైనది. యూవీ-ఏ, యూవీ-బీ రెండింటినీ ఆపుతుంది. జింకుని పెద్ద ఎత్తున తీసే విద్యలో మన దేశం చాలా ముందుంది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర జావర్ అనే చోట వందల ఏళ్ల కిందటే మట్టి మూసల్లో జింకుని ఆవిరి చేసి పట్టేవారు. ఆ మూసల గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆస్ట్రేలియాలో ఎండ సమస్య చాలా పెద్దది. అక్కడ స్థిరపడినవాళ్లలో ఎక్కువమంది యూరప్ నుంచి వచ్చిన తెల్లవాళ్లు, వాళ్ల చర్మంలో మెలనిన్ తక్కువ, ఎండ ఎక్కువ. అందుకే చర్మ క్యాన్సర్ బాగా వస్తుంది. 1981లో విక్టోరియా రాష్ట్రంలో ఒక ప్రచారం మొదలుపెట్టారు. సిడ్ అనే కార్టూను సముద్రపక్షి టీవీలో ఎగురుతూ మూడు పనులు చెప్పేది: చొక్కా తొడుక్కో, సన్‌స్క్రీన్ పూసుకో, టోపీ పెట్టుకో. వరస చూడండి, చొక్కాయే ముందు. అక్కడి చాలా బడుల్లో టోపీ లేకపోతే ఆటకి పంపరు.

రిచీ బెనో పేరు మన నాన్నల తరం వాళ్లకి బాగా తెలుసు. ఆస్ట్రేలియా కెప్టెన్, తర్వాత కామెంటేటరు. కుర్రతనంలో టోపీ లేకుండా ఆడేవాడు. 2014లో తనకి నుదుటి మీద, తల మీద చర్మ క్యాన్సర్ వచ్చిందని చెప్పి, అందరూ తల కాపాడుకోవాలని కోరాడు. 2015లో చనిపోయాడు.

సన్‌స్క్రీన్ నిజంగా పనిచేస్తుందా అన్నదానికి కూడా ఆస్ట్రేలియానుంచే గట్టి రుజువు వచ్చింది. క్వీన్స్‌ల్యాండ్‌లోని నాంబూర్ అనే ఊళ్లో 1992 నుంచి 1996 వరకూ 1621 మందితో పరీక్ష చేశారు. సగం మందిని రోజూ పూసుకోమన్నారు, మిగతా సగాన్ని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. రోజూ పూసుకున్నవాళ్లలో ఒక రకం చర్మ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది.

మన నల్ల ఇసుక

జింక్ ఆక్సైడుతో పాటు ఇంకో తెల్ల పొడి ఉంది. అది టైటానియం డయాక్సైడ్. 1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ అనే పాదిరీ ఒక వాగులోని నల్ల ఇసుకలో ఈ లోహాన్ని కనిపెట్టాడు. అలాంటి నల్ల ఇసుక మనకి ఎక్కడుంది? మన చత్రపూర్ ఒడ్డునే! గోపాలపూర్ వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, కెరటం వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. అందులో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంటుంది. 1980ల నుంచి చత్రపూర్ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ ఇసుక తవ్వి ఖనిజాలు వేరుచేస్తోంది. ఇల్మనైట్ నుంచే టైటానియం డయాక్సైడ్ చేస్తారు. చాలావరకు గోడల రంగుల్లోకి పోతుంది, కొంచెం సన్‌స్క్రీన్‌లోకి వస్తుంది. నల్ల ఇసుకలోంచి తెల్ల పొడి తీసి, ఆ పొడిని ముఖానికి రాసుకుని నల్లబడకూడదనుకుంటున్నాం. నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది.

అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. యూరప్‌లో ఒకప్పుడు తెల్లగా ఉండటమే గొప్ప. ఎందుకంటే ఎండలో పనిచేసేవాళ్లు కూలీలు, నీడలో ఉండేవాళ్లు దొరలు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చి పేదవాళ్లు కూడా కప్పు కిందకి వెళ్లిపోయారు. 1920ల్లో సెలవులకి సముద్రానికి వెళ్లగల డబ్బున్నవాళ్లు మాత్రమే ఎండకి కమిలేవారు, దాంతో ఆ రంగు ఫ్యాషన్ అయిపోయింది. అందుకే వాళ్ల మొదటి నూనెలు "కాలకుండా రంగు తెచ్చుకోండి" అని అమ్ముడుపోయాయి.

మన దగ్గర మాత్రం ఆ పాత లెక్కే నిలిచిపోయింది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ఆ పేరులోనే తెల్లగా ఉంటేనే అందం అన్న అర్థం ఉంది. 2020లో, ప్రపంచమంతా రంగు వివక్ష గురించి మాట్లాడుతున్నప్పుడు, ఆ పేరుని గ్లో అండ్ లవ్లీ అని మార్చారు. పేరు మారింది కానీ మన ఇళ్లల్లో మాట మారలేదు. "ఏటే, ఎండలో పడి బొగ్గులా అయిపోతన్నావు, రేపు సంబంధం ఎలా వస్తాదే" అని ఇప్పటికీ అంటారు. ప్రేమతోనే అంటారు, అది నాకు తెలుసు. కానీ ఆ మాట అబ్బాయిల జట్టుకి ఎవరూ చెప్పరు. మా బడి అబ్బాయిల కబడ్డీ జట్టులో ఒక్కడు కూడా నల్లబడతానని మానెయ్యలేదు.

ఒకే వస్తువు అక్కడ గోధుమరంగు కోసం, ఇక్కడ తెల్లరంగు కోసం అమ్ముడైంది. ఆ రెండూ దాని అసలు పని కావు. దాని అసలు పని కిరణాల్ని ఆపడం. సన్‌స్క్రీన్ ఎవర్నీ తెల్లగా చెయ్యదు. ఎండకి చర్మం రంగు మారితే, లోపల చర్మం తన గొడుగు తాను విప్పుకుందని అర్థం. ఎండ తగ్గితే ఆ కొత్త రంగు చాలావరకు నెమ్మదిగా పోతుంది కూడా. మనం ఏటా రథయాత్రకి వెళ్లి దణ్ణం పెట్టుకునే జగన్నాథుడు నల్లనివాడే కదా!

మరి మనకెందుకు సన్‌స్క్రీన్?

మంచి ప్రశ్న. మన రంగువాళ్లకి తెల్లవాళ్ల కంటే చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. కానీ మెలనిన్ మొత్తం ఎండని ఆపలేదు. గంటలకొద్దీ మైదానంలో ఉంటే మనకీ చర్మం మండుతుంది, ముక్కు మీద పొట్టు లేస్తుంది, మంగుమచ్చలు వచ్చేవాళ్లకి ఎక్కువవుతాయి. 1992లో కెనడా వాళ్లు యూవీ సూచిక అని ఒక కొలత తెచ్చారు, ఇప్పుడు చాలా దేశాలు వాడుతున్నాయి. 3 దాటితే జాగ్రత్త పడాలి, 11 దాటితే అత్యంత ప్రమాదం. మన ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ చివరి మెట్టు మీదే ఉంటాయి. ఫోన్లో వాతావరణం చూసేచోట ఇది ఉంటుంది. ఫోన్ లేకపోతే మీ నీడని చూడండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఎండ గట్టిగా ఉన్నట్టు.

ఎలా ఎంచుకోవాలి?

1. ఎస్‌పీఎఫ్ 30 చాలు. 50 దొరికితే మంచిదే, అంతకు మించిన నంబరుకి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

2. బ్రాడ్ స్పెక్ట్రమ్ అని గానీ, పీఏ పక్కన మూడు ప్లస్‌లు గానీ ఉండాలి. లేకపోతే యూవీ-ఏకి రక్షణ ఉన్నట్టు నమ్మకం లేదు.

3. వాటర్ రెసిస్టెంట్ అని ఉండాలి, ఆడేటప్పుడు చెమట కారుతుంది కాబట్టి. నీటికి అసలు పోదు, చెమటకి అసలు పోదు అని రాయడాన్ని 2011లో అమెరికా నిషేధించింది, ఎందుకంటే అలాంటిది లేదు. అక్కడ 40 నిమిషాలు లేదా 80 నిమిషాలు అని రాయాలి.

4. ఖోఖోలో అరచేతులు జిడ్డుగా ఉంటే స్తంభం జారిపోతుంది. కాబట్టి జిడ్డు లేని జెల్ రకం మేలు. పూసుకున్నాక అరచేతులు సబ్బుతో కడుక్కోవాలి.

5. చెమటతో కలిసి కళ్లల్లోకి దిగితే మండుతుంది. కళ్ల చుట్టూ, ముక్కు మీద జింక్ ఆక్సైడ్ ఉన్నది వాడితే ఆ మంట తక్కువ. మన రంగు మీద తెల్లగా కనిపిస్తుంది, నిజమే. డొనాల్డ్‌కి కూడా కనిపించింది, ఆయన వికెట్లు తీశాడు.

6. తెల్లగా చేస్తుందని రాసి ఉన్నదానికి ఆ మాట కోసం ఎక్కువ డబ్బు ఇవ్వొద్దు. గడువు తేదీ, తయారీ లైసెన్సు నంబరు చూడాలి. ట్యూబుని ఎండలో వదిలెయ్యకూడదు.

7. మైదానంలోకి దిగడానికి పావుగంట ముందు పూసుకోవాలి. ఆట సాగుతుంటే రెండు గంటలకోసారి, చెమట తుడుచుకున్నాక మళ్లీ.

ఇప్పుడు ఖర్చు లెక్క

ఎస్‌పీఎఫ్ పరీక్ష చేసేటప్పుడు ఒక చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాములు పూస్తారు. మనం మామూలుగా పూసుకునేది అందులో సగం కూడా ఉండదు, కాబట్టి రాసిన నంబరంత రక్షణ రాదు. మా సైన్సు టీచరుగారి సాయంతో నేను ఉజ్జాయింపుగా లెక్క వేశాను. నా వయసు అమ్మాయి ఒంటి వైశాల్యం సుమారు 15,000 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. రెండు చేతులు అందులో 18 శాతం, అంటే 2,700. మోకాలి కింద రెండు కాళ్లు ఇంకో 2,700 దాకా. ముఖం, మెడ, చెవులు కలిపి ఓ 700. మొత్తం 6,100. దానికి 2 మిల్లీగ్రాముల చొప్పున 12 గ్రాములు. అంటే 50 గ్రాముల ట్యూబు ఒక అమ్మాయికి నాలుగుసార్లకి అయిపోతుంది! ఏ బడీ అంత ఖర్చు భరించలేదు.

అదే పొడుగుచేతుల టీషర్టు, ట్రాక్ ప్యాంటు వేసుకుంటే? ముఖం, మెడ, చెవులు, ముంజేతి కింద చేతులు మాత్రమే మిగులుతాయి. 2 గ్రాములు సరిపోతుంది. అదే ట్యూబు 25 సార్లు వస్తుంది. అంటే మా అమ్మమ్మ తొడుక్కున్న తాతయ్య చొక్కా, ఆస్ట్రేలియా పక్షి చెప్పిన చొక్కా, నా లెక్క – మూడూ ఒకటే చెబుతున్నాయి. ముందు గుడ్డ, తర్వాత టోపీ, ఆ రెండూ కప్పని చోట సన్‌స్క్రీన్.

ఒక హెచ్చరిక

సన్‌స్క్రీన్ వడదెబ్బని ఆపదు. ఇది అందరికంటే ముందు మనకి తెలియాలి. 1998 ఎండాకాలంలో ఒడిషాలో వడగాడ్పులకి రెండు వేలమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే మన రాష్ట్రంలో ఎండలకి ముందే జాగ్రత్తలు చెప్పడం, జనానికి నేర్పడం గట్టిగా మొదలైంది. ఎండాకాలం పొద్దుటి బడి మనందరికీ అలవాటే. మన ఆట కూడా పొద్దున్న ఆరింటికి మొదలై ఎనిమిదికి ఆగాలి. నీళ్లు, మజ్జిగ, చద్దన్నం (ఒడియా స్నేహితులకి పఖాళ) – ఇవి చేసే పని ఏ ట్యూబూ చెయ్యదు.

చివరగా పెద్దలకి

విశాఖపట్నంలో పుట్టిన జ్యోతి యర్రాజి మన ఒడిషా రాజధాని భువనేశ్వర్‌లో శిక్షణ తీసుకుని 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారు పతకం గెలిచింది. హర్డిల్స్ ఆరుబయట ట్రాకు మీదే నేర్చుకోవాలి. ఎండకి భయపడి ఆమెని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే ఆ పతకం లేదు.

అమ్మలకీ నాన్నలకీ నాదొక విన్నపం. ఎండ వల్ల కాలుతుంది, మచ్చలొస్తాయి, వడదెబ్బ తగులుతుంది అని మీరు భయపడితే ఆ భయం సరైనదే. దానికి పొద్దుటి ఆట, పొడుగుచేతులు, టోపీ, నీళ్లు, ఒక చిన్న ట్యూబు ఉన్నాయి. ఇవన్నీ మన బడి చెయ్యగలిగినవే. కానీ భయం రంగు గురించి అయితే దానికి ఏ షాపులోనూ మందు లేదు. అది ఇంట్లో మాట మార్చుకుంటేనే పోతుంది. మానేసిన ముగ్గురూ ఇంకా మా పక్క బెంచీల్లోనే కూర్చుంటున్నారు. వాళ్ల స్థానాల్లో ఇంకా ఎవర్నీ తీసుకోలేదు.